కంటి యెంగిలి



శ్రావణమేఘములు గోదావరిపాయలమీద క్రమ్ముకొనుసరికి మా కోనసీమ యిండ్లలో రెండు పనులు మొదలగును. ఒకటి పేరంటముల సన్నాహము. రెండవది ఆరని బట్టలతోడి పోరాటము. గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న యీ కొబ్బరితోటలలో ఎండ నేలకు దిగుటయే అరుదు. వాన పట్టినయెడల దండెమున వేసిన తువాలు రెండు దినములకుగాని ఆరదు. అందుచేత ఇంటిల్లిపాదికిని ఆరియున్న యొక్క తువాలే గతి యగును. సరిగా ఆ దినములలోనే పసిబిడ్డ కన్ను ఎఱ్ఱబడును.

నేను వైద్యురాలను కాను. మా నాయనగారు వీథియరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన కావ్యములును, కొంత అమరమును, ఆయన పెట్టెలోని పాత వైద్యగ్రంథములును తప్ప నేను బడికిపోయి చదివినది లేదు. మా వారు బడిపంతులు. ఐనను కండ్లకలక యను నీ చిన్న వ్యాధి మా యింట చేసిన పని యొకటి కలదు. చిన్నదని త్రోసివేయుటవలననే అది పెద్దదయ్యెను. దానిని దాచక చెప్పి, పిమ్మట వైద్యులవలన తెలిసికొన్న దానిని తోడి గృహిణులతో పంచుకొనవలెనని యీ వ్రాతకు పూనితిని.

2023వ సంవత్సరము జూలై, ఆగస్టు నెలలలో తెలుగునాట కండ్లకలక విస్తారముగా వ్యాపించిన సంగతి మీలో ననేకులకు జ్ఞాపకముండును. బడులలోను వసతిగృహములలోను పిల్లలు వరుసగా కండ్లు నలుపుకొనుచు ఇంటికి వచ్చిరి. మన రాష్ట్రమే కాదు, ఢిల్లీమొదలు దేశమున పలుచోట్ల ఆ వానకాలమున ఇదే మాట వినబడెను. అది అధికశ్రావణము వచ్చిన యేడు. మా చిన్నవానికి అప్పుడు ఏడవ నెల. జూలై 27వ తేదీ యుదయమున లేచుసరికి వాని కుడికంటి ఱెప్పలు పుసితో అంటుకొని యున్నవి. తెల్లగ్రుడ్డు దాసానిపువ్వువలె నున్నది. వాడు ఏడ్చుచు పిడికిళ్లతో నలుపుకొనుచుండగా నేనేమి చేసితిననుకొన్నారు? ఏ తల్లియైనను చేయునదే చేసితిని. కొంగు తీసి తుడిచితిని.

ఆ కొంగుతోనే పొయ్యికడ నా మొగము చెమట తుడుచుకొంటిని. ఎనిమిదేండ్ల మా పెద్దపిల్ల బడికి పోవునప్పుడు దాని ముక్కు తుడిచితిని. అత్తగారికి కాఫీ గ్లాసు వేడిగా నున్నదని ఆ కొంగుతోనే పట్టుకొని యందిచ్చితిని. నాటి రాత్రి పిల్లవాడు దానిని గుప్పిట పట్టుకొనియే నిద్రపోయెను.

ఆరవనాడు పెద్దపిల్లకు వచ్చెను. ఎనిమిదవనాడు నాకు. తరువాత మూడు దినములకు ఆయనకు. ఆయన నల్లకండ్లజోడు కొనుక్కొని, ‘ఇక నా చూపు ఎవరికిని తగులదు’ అనుకొని, రెండు దినములు బడికి పోయి వచ్చిరి. ఆ రెండు దినములలో ఎన్ని వ్రాతపుస్తకములు దిద్దిరో, ఎందఱు పిల్లలకు సుద్దముక్క అందిచ్చిరో నేను అడుగలేదు; వారును చెప్పలేదు. ఆగస్టు 9న అత్తగారికి రెండు కండ్లును ఒక్కసారి కలిగినవి.

ఇందులో చివరిదే మా కెక్కువ నష్టము చేసినది. అత్తగారి యెడమకంట శుక్లము ముదిరి యుండెను. కుడికంటి చూపు అప్పటికే అంతంతమాత్రము. ఆగస్టు 16న శస్త్రచికిత్సకు దినము నిశ్చయమై యుండెను. కలక యున్న కంటికి కత్తి తాకింపరాదనియు, అది పూర్తిగా శమించి కొంతకాలము గడచినగాని చేయబోమనియు వైద్యులు చెప్పిరి. వారి మాట న్యాయమే. ఆ పిమ్మట దినము దొరకుట, తోడు పోవువారికి సెలవు దొరకుట, ఇట్లు అక్టోబరు వచ్చినది. ఒకనాడు సంజవేళ దీపము పెట్టుటకు పెరటిలోనికి దిగుచు మెట్టు కానక ఆవిడ పడి మణికట్టు విఱుగగొట్టుకొనిరి. ఏడు నెలల పిల్లవాని కంటిపుసి యెక్కడ, డెబ్బదియేండ్ల వృద్ధురాలి విఱిగిన చేయి యెక్కడ! నడుమ నున్నది నా కొంగు.

ఈ వ్యాధి స్వరూపమును కొంచెము చెప్పెదను. తెల్లగ్రుడ్డును ఱెప్పల లోపలివైపును కప్పుచు ఒక పలుచని పొర కలదు. అది వాచి ఎఱ్ఱబడుటయే కండ్లకలక. పుప్పొడి, ధూళి, పొగ మున్నగువాని వలన వచ్చునది యొకరినుండి యొకరికి అంటదు. అంటుకొనునవి రెండు తెఱగులు. బాక్టీరియా వలన వచ్చునది చిక్కని పసుపుపచ్చని పుసి కార్చును. ఒకటి మొదలు మూడు దినములలో పైకి తేలును. వైరసు వలన వచ్చునది ఎక్కువగా నీరు కార్చును. తఱచుగా చెవిముందు చిన్నబిళ్ల కట్టును. జలుబుతో కూడి వచ్చుటయు కలదు. ఐనను పుసిని చూచి మనమే నిర్ణయించుకొనుట పొరపాటు. వైద్యులకే యొక్కొక్కప్పుడు సందేహము కలుగును. వైరసులలో మిక్కిలి ప్రబలమైన ఆడినోవైరసు ఒంటికి సోకిన ఐదు మొదలు పండ్రెండు దినములకుగాని కంట కనబడదు. మా యింటి వరుస చూచిన మీకే తెలియును. ఇల్లు గడచెనని మనము ఊపిరి పీల్చుకొను సమయమునకు రెండవవాని కన్ను ఎఱ్ఱబడును. కన్ను ఎఱ్ఱబడిన పిమ్మటను పదునాలుగు దినములవరకు అది ఇతరులకు అంటగలదు.

ఇంక అది నడచు త్రోవ. ఎక్కువమంది, కలక వచ్చినవాని కండ్లలోనికి చూచిన మనకును వచ్చుననుకొందురు. అందుకే నల్లకండ్లజోళ్లు. ఆ యద్దములు వెలుతురు గ్రుచ్చుకొనకుండ రోగికి హాయి నిచ్చునేగాని ఇతరులకు రక్ష కావు. చూపువలన ఏ క్రిమియు ప్రయాణము చేయదు. కంటినీరు చేతికి అంటును. చేయి తువాలుకు, తలుపుగొళ్లెమునకు, చెంబుకు, సెల్‌ఫోనుకు అంటించును. అక్కడనుండి రెండవవాని చేతికి, ఆ చేతినుండి వాని కంటికి. ఆడినోవైరసు పొడిగా నున్న వస్తువుల మీద సయితము దినములతరబడి, ఒక్కొక్కప్పుడు వారములతరబడి, చావక పడియుండును.

ఈ మాట వైద్యునినోట వినిన నాడు నాకు మా నాయనగారి పెట్టె తలపునకు వచ్చెను. సుశ్రుతసంహిత నిదానస్థానమున ఐదవ యధ్యాయము చివర ఒకరినుండి యొకరికి ప్రాకు రోగములు పేర్కొనబడినవి. జ్వరముతోను, క్షయతోను పాటు నేత్రాభిష్యందము, అనగా కండ్లకలక, ఆ కోవలో చేరినది. అవి ప్రాకు త్రోవలుగా మేని తాకుడును, ఊపిరియు, కలిసి తినుటయు, ఒక్క పడకయు, ఒక్క యాసనమును, ఒకరి బట్టలును, ఒకరి పూలును, ఒకరి మైపూతలును చెప్పబడినవి. క్రిమిని చూచు యంత్రము లేని కాలమున బట్టను అనుమానించినవాని బుద్ధికి నమస్కరింపవలెను. నేను మరల మరల చూచితిని. ఆ పట్టికలో చూపు మాత్రము లేదు. మనమో, ఉన్నవాని నన్నిటిని విడిచి లేనిదానిని పట్టుకొంటిమి!

అత్తగారు నిష్ఠగా మడి కట్టు మనిషి. ఆరవేసిన మడిబట్టను ఇతరులు తాకినచో మరల తడుపుదురు. అట్టి యింట స్నానాలగది మేకునకు అందఱికిని ఒక్క తువాలు వ్రేలాడుచుండెను. నేను సుశ్రుతుని మాట చదివి వినిపింపగా ఆవిడ కొంతసేపు మాటాడక, ‘అయితే అమ్మాయీ, కంటికి కూడా ఎంగిలి ఉందన్నమాట’ అనిరి. ఇంతకన్న చక్కగా నేను ఏ వైద్యపుస్తకములోను చదువలేదు. ఎంగిలి యన నేమో మన యిండ్లలో మూడేండ్ల బిడ్డకు తెలియును. నోట పెట్టిన చేయి కడుగక కూరగిన్నె తాకరాదు. ఒకరు కొఱికిన పండు ఒకరు తినరాదు. కంటినీటిని సరిగా అట్లే యెంచినచో చాలును. కంట పెట్టిన చేయి ఎంగిలిచేయి. కన్ను తుడిచిన గుడ్డ ఎంగిలిగుడ్డ. చుక్కలమందుసీసా మూతి ఱెప్పకు తగిలినచో సీసా యంతయు ఎంగిలి.

ఈ లెక్కను చూచిన మన యింట మొదటి దోషి కొంగే. దానిని నిందించుటకు నాకు మనసొప్పదు. బిడ్డకు నీడయు, నిద్రయు అదే. కాని కలక వచ్చిన దినములలో దానిని నడుమునకు బిగించి దోపుకొనవలెను. నైటీలు ధరించు సోదరీమణులకు ఈ బాధ లేదనుకొనవలదు. వారి భుజముమీద తువాలు కలదు. కొంగునకు బదులుగా పాత నూలుచీరను అరచేయి వెడల్పు తుండుగుడ్డలుగా చింపి, మఱుగుచున్న నీటిలో నుడికించి ఆరబెట్టి, మూతగల డబ్బాలో నుంచుకొనవలయును. మా పెట్టెలోని యొక చీర నలువదిముక్కలు పైగా వచ్చినది. దూది కొనగలవారు దూదియే వాడవచ్చును. కాచి చల్లార్చిన నీటిలో ముక్కను ముంచి, పిండి, ముక్కువైపు మొదలుపెట్టి చెవివైపుగా ఒక్కమారు మెల్లగా తుడిచి, దానిని మూతకుండలో వేయవలెను. రెండవ తుడుపునకు రెండవ ముక్క. రెండవ కంటికి మఱియొక ముక్క. ఎండిన పుసిని గోటితో గీకరాదు. తడిముక్కను కొంతసేపు ఱెప్పపై నుంచిన అదియే నానివచ్చును. సాయంకాలము కుండలోని ముక్కలనన్నిటిని సబ్బునీట నుడికించిన మరల పనికి వచ్చును, దూదియైన పాఱవేయవలెను.

ముందొకసారి, పిమ్మట నొకసారి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఎంతసేపని యడిగెదరేమో; నేను రెండు శ్లోకములు నెమ్మదిగా చదువుకొందును. కరోనా దినములనుండి యింటింట నున్న శానిటైజరు సీసా చాలుననుకొందురు గాని, ఆడినోవైరసు దానికి సులభముగా లొంగదు. సబ్బుతో రుద్ది నీటితో కడుగుటయే మేలు.

పసిబిడ్డకు చుక్కలు వేయుట యొక యుద్ధమని యెఱుగని తల్లి లేదు. ఒకరు కాళ్లు, ఒకరు తల పట్టుకొని ఱెప్పలు విడదీయగా వాడు గ్రుక్కపట్టును; మందంతయు కన్నీటితో చెక్కిళ్లపై కాఱిపోవును; పట్టినవారి చేతులన్నియు ఎంగిలి యగును. దీనికి వైద్యులు చెప్పిన యుపాయము మిక్కిలి సులభము. వానిని వెల్లకిల పండుకొనబెట్టి, కండ్లు మూసికొనియున్నను సరే, ముక్కుప్రక్క కంటికొనయందు చుక్క విడువవలెను. వాడు తనంతట కన్ను తెఱచినప్పుడు అది లోపలికి జారును. ఒకరిసీసా ఒకరికి వాడరాదు. అన్నకు మిగిలినది తమ్మునికి, నిరుడు మిగిలినది ఈయేడు, ఇట్టి పొదుపు వలదు.

సీసా మాట వచ్చినది గనుక మఱియొకటి. మా పొరుగున నొక యిల్లాలు మందులదుకాణములో ‘కండ్లకలక మందు’ అని యడిగి తెచ్చి వేసికొనెను. మూడుదినములు ఎఱ్ఱదనము తగ్గెను. పిమ్మట నొప్పి యెక్కువై, చూపు మసకబాఱి వైద్యునికడకు పరుగెత్తవలసి వచ్చెను. ఆ సీసాలో స్టెరాయిడు కలిసియున్నదట. అది పైకి ఉపశమన మిచ్చుచు లోపల వైరసు నిలిచియుండుటకు తోడ్పడును. కొన్ని వైరసుల విషయమున నల్లగ్రుడ్డునే చెఱచును. వైద్యుడు కన్ను చూచి వ్రాసినగాని అట్టివి ముట్టరాదు. బాక్టీరియాకు వేయు మందు వైరసుకు పనిచేయదు. చాలమట్టుకు వైరసుకలక ఒకటి మొదలు మూడు వారములలో తనంత తానే శమించును. అంతవరకు మన చేయవలసినది కంటిని శుభ్రముగా నుంచుటయు, ఇతరులకు అంటకుండ చూచుటయు మాత్రమే.

ఇంటివైద్యములను గూర్చి అత్తగారికిని నాకును చిన్నవాదమే జరిగెను. ‘పాలచుక్క పిండు అమ్మాయీ, చల్లబడుతుంది’ అని వారు. మన తల్లులందఱును పిండినదే. కలక యున్న కంట పాలు పిండవలదని వైద్యులు చెప్పుదురు. తల్లిపాలు బిడ్డ కడుపునకు అమృతమే, పుసిపట్టిన కంటికి మందు మాత్రము కాదు. పసుపునీట ముంచిన గుడ్డను రోగి తన కొఱకు వేఱుగా నుంచుకొనినచో అది మేలే; మేలు వేఱుగా నుంచుటలో నున్నది, పసుపులో కాదు. నందివర్ధనపు పూలు మూసిన ఱెప్పలపై చల్లగా నుండుననుట నిజమే; కాని తోటలోని పూవుతో మట్టియు, పురుగులును వచ్చును; కాచి చల్లార్చిన నీటిలో తడిపిన గుడ్డయు అంతే చల్లన. నీళ్లుపోసిన పిమ్మట వేయు సాంబ్రాణి ధూపము ఆ దినములలో మానవలెను. ఎఱ్ఱబడిన కంటికి పొగ కారము చల్లినట్లుండును. ఊరిలో నాలుగిండ్ల పసివారికి నీళ్లుపోయు ఆవిడ మీ యింటికి వచ్చుచున్నచో, ఆమెకు సంగతి ముందే చెప్పి, వచ్చినప్పుడును పోవునప్పుడును సబ్బుతో చేతులు కడిగింపుడు. లేదా పది దినములు మీరే పోసికొనుడు. ఆమె కూలి మాత్రము కోయకుడు.

కాటుక మాట చెప్పిన నాపై కోపింతురేమో. ఒక్క బరిణె, ఒక్క వ్రేలు. తల్లికి, కూతురికి, చంటివానికి. కలక ఇంటిని చుట్టివచ్చుటకు ఇంతకన్న రాజమార్గము లేదు. పైగా అంగడిలో దొరకు కొన్ని సుర్మాలలో సీసపు ధాతువు కలిసియుండుట పరీక్షలలో తేలినది. అది పసివారి మెదడునకు హాని. దిష్టికి చుక్క కావలెనన్నచో అరికాలికిని, చెక్కిలికిని పెట్టుడు. కన్ను విడువుడు. కలక వచ్చిన యింట ఆ బరిణెలోనిదానిని పాఱవేయక తప్పదు. నేను మా అమ్మ పెట్టిన కాటుక పాఱబోసి బరిణెను ఉడికించి దాచితిని.

బిడ్డ గోళ్లు కత్తిరించుడు. వాని చేతులను మన చేతులవలెనే తఱచుగా కడుగుడు. ఎవరును దీనిని తలపరు. పాలిచ్చునప్పుడు వాడు మొగమును మన రొమ్మునకును భుజమునకును రుద్దును గనుక, ప్రతిసారియు అక్కడ ఉతికిన గుడ్డ యొకటి వేసి, పిమ్మట తీసివేయవలెను. పాలు మాన్పవలసిన పని లేదు. వాని తలగడగలీబు దినమున కొకటి. అన్న, అక్క వానిని ముద్దుపెట్టుకొనుట కొన్ని దినములు మానవలెను. సెల్‌ఫోను చేతికిచ్చి ఏడుపు మాన్పు వాడుక మంచిదా చెడ్డదా యను విచారణ ఇక్కడ వలదు గాని, ఇచ్చినచో దానిని వెంటనే తుడిచినగాని చెవిదగ్గఱ పెట్టుకొనకుడు. కండ్లచుట్టును ముసరు సన్నయీగలు మన తోటలలో ఎక్కువ. పేడదిబ్బను దూరముగా నుంచి, నిద్రించు బిడ్డకు దోమతెర కట్టుడు.

అన్ని ఎఱ్ఱకండ్లును ఇంటిలో దిద్దుకొనదగినవి కావు. పుట్టి ఇరువదియెనిమిది దినములు దాటని శిశువునకు కంట పుసి కట్టి ఱెప్పలు వాచినచో అది అమలాపురమో, రాజోలో, కొత్తపేటయో, ఏది దగ్గఱయైన ఆ యాసుపత్రికి ఆనాడే తీసికొనిపోవలసిన కన్ను. ప్రసవమార్గమున తల్లినుండి సోకు కొన్ని క్రిములు కొద్ది దినములలోనే నల్లగ్రుడ్డును తినివేసి శాశ్వతముగా చూపు పోగొట్టగలవు. ఐరోపాలో పూర్వము అంధబాలుర పాఠశాలలు ఇట్టి పిల్లలతో నిండియుండెడివి. జర్మనీలోని లైప్‌జిగు నగరపు ప్రసూతివైద్యుడు క్రెడే యనువాడు పుట్టిన వెంటనే ప్రతి శిశువు కంటను ఒక రజతలవణపు చుక్క వేయు పద్ధతిని 1881లో ప్రకటించెను. అతని యాసుపత్రిలో నూటికి పదిమంది శిశువులకు వచ్చుచుండిన వ్యాధి నూటికి ఒక్కనికంటె తక్కువకు దిగెను. నేడు వేఱు మందులు గలవు. మందేదైనను వైద్యుడు వేయవలసినదే.

దీనికి విరుద్ధమైన సంగతియు కలదు. కొందఱు శిశువులకు నెలల తరబడి ఒక కన్ను నీరు కార్చుచు, ఉదయమున పుసి కట్టుచుండును. కాని తెల్లగ్రుడ్డు తెల్లగానే యుండును. అది కలక కాదు. కన్నీరు ముక్కులోనికి దిగు సన్నని కాలువ తెఱచుకొనకుండుట. ఎవరికిని అంటదు. వైద్యుడు చూపినట్లు కంటికొనను వ్రేలితో మెల్లగా ఒత్తుచుండగా చాలమందికి ఏడాదిలోపల తెఱచుకొనును. ఇది తెలియక ఒక తల్లి బిడ్డను ఎవరికిని చూపక ఆఱునెలలు దాచినది నేనెఱుగుదును.

వెలుతురు చూడలేకపోవుట, నొప్పితో గ్రుక్కపట్టుట, నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ, చూపు మసక, ఱెప్ప వాపుతో జ్వరము, ఇవి ఏ వయసువారికి కలిగినను ఆలస్యము పనికిరాదు. జ్వరమును, ఒంటిపై ఎఱ్ఱని పొక్కులును, కండ్ల ఎఱ్ఱదనమును కలిసివచ్చినచో అది తట్టు కావచ్చును. అమ్మవారని వేపమండలు కట్టి కూర్చుండక చూపింపవలెను.

ఈ రోగపు చరిత్రయు విచిత్రమైనది. కంట నెత్తురుజీరలు క్రమ్ము ఒక తీవ్రమైన కలక 1969లో ఆఫ్రికాలోని ఘానాదేశమున మొదట కనబడెను. అపోలో నౌకలో మనుష్యులు చంద్రునిపై దిగిన కాలమగుటచే అక్కడివారు దానికి అపోలో పేరు పెట్టిరి. అది రెండేండ్లలో మన దేశము చేరెను. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున వంగదేశీయులు దానిని ‘జయ్ బంగ్లా’ యనిరి. అఱవదేశమున కలకకు ‘మద్రాసు కన్ను’ అని పేరు; ఆ నగరమున ఎగ్మూరులోని ప్రభుత్వ నేత్రవైద్యశాల 1819లో స్థాపింపబడినది. ఒకరు చంద్రునిని, ఒకరు యుద్ధమును, ఒకరు నగరమును నిందించిరి. తువాలును నిందించినవారు లేరు!

మరల మా యింటికి వచ్చెదను. 2023లో వరలక్ష్మీవ్రతము ఆగస్టు 25న వచ్చెను. అప్పటికి పిల్లలకు నయమైనది. అత్తగారి కండ్లు ఇంకను ఎఱ్ఱగా నుండెను. మా యింటి పేరంటమునకు ఏటేట ముప్పదిమంది వత్తురు. ఒకే గంధపుగిన్నెలో వ్రేళ్లు ముంచి ఒకరి మెడ కొకరు పూయుట, ఒకరి పిల్లను ఒకరు ఎత్తుకొని ముద్దాడుట, ఒకే పీటమీద వాయనములు, ఇవన్నియు నాకు సుశ్రుతుని పట్టికవలె కనబడసాగినవి. అత్తగారు తమ పెండ్లినాటినుండి మానని పేరంటము. నేను మానుదమనినప్పుడు వారు తల యటు త్రిప్పుకొనిరి. పూజ చేసికొంటిమి. తాంబూలములను మాత్రము కొబ్బరికాయ, అరటిపండ్లతో పొట్లములు కట్టి పొరుగు పిల్లచేత ఇండ్లకు పంపితిమి. ఒకరిద్దఱు కోపించి త్రిప్పిపంపిరి. ఆ సాయంకాలము ఖాళీగానున్న పీటలను చూచి అత్తగారు కన్నీరు పెట్టుకొనగా, ఆ కన్నీటిని కొంగుతో తుడువబోయి నేను చేయి వెనుకకు తీసికొంటిని. అంత కఠినమైన పని నా కాపురములో మఱియొకటి చేసి యెఱుగను.

డిసెంబరులో వారికి శస్త్రచికిత్స జరిగినది. చూపు చక్కగా వచ్చినది. మణికట్టు మాత్రము వానకాలమున నేటికిని సలుపును.

2024 జూలైలో మా ఆడపడుచు ఐదునెలల బిడ్డతో పుట్టింటికి వచ్చెను. మూడవనాడే ఆ బిడ్డ కన్ను ఎఱ్ఱబడెను. ఈసారి కాపలా అత్తగారిది. ఏడుగురికి ఏడు మేకులు; ఏడు తువాళ్లు; ఏ తువాలు ఎవరిదో తెలియుటకు కొసలకు ఏడు రంగుల దారములు. బిడ్డకు మందు వేయుట, కన్ను తుడుచుట తల్లి చేయవలెను. ఆమెకు వంటింట ప్రవేశము లేదు. గొళ్లెములను దినమునకు రెండుమారులు బ్లీచింగుపొడి కలిపిన నీటితో తుడుచుట నా పని. ఆ నీటిని బిడ్డకు దూరముగా నుంచుట ఆయన పని. వాన విడువకుండెను గనుక తువాళ్లను ఇస్త్రీపెట్టెతో ఆర్చితిమి. ఎవరి చేయి కంటికడకు పోయినను, కొత్తచూపుతో అత్తగారు గదికి ఆ చివరనుండియే, ‘ఎంగిలి! లేచి కడుక్కో’ అని కేకవేయుదురు. మా వారిని గూడ విడువలేదు. కలక మా ఆడపడుచు కొక్కతెకే వచ్చెను. రాత్రి నిద్రలో బిడ్డ మొగము ఆమె మెడయందే దూర్చుకొనియుండగా అది తప్పునదియు కాదు. తక్కిన ఐదుగురకును రాలేదు. పిల్లవాడు తగ్గిన పిమ్మట, నీరుకారుట పూర్తిగా నిలిచినదాక, వారిని ఊరికి పంపలేదు. బడిపిల్లల విషయమునను, అంగన్‌వాడీకి పోవువారి విషయమునను ఇదియే పాటింపవలెనని మా వారు ఇప్పుడు తమ బడిలో చెప్పుచున్నారు. నల్లకండ్లజోడు కథ మాత్రము చెప్పరు.

ఆ యేడు వరలక్ష్మీవ్రతము ఆగస్టు 16. పేరంటము జరిగెను. గంధపుగిన్నెలో అత్తగారు ఒక చిన్న చెంచా వేసియుంచిరి. ఎవరి చేతిలో వారికి కొంచెము వేసిరి, ఎవరిది వారు పూసికొనిరి. సగము పేరంటము నడచుచుండగా క్రొత్తగా కాపురమునకు వచ్చిన యొక చిన్నది చంటిపిల్లతో గుమ్మముకడ ఆగిపోయెను. పిల్లకు కన్ను ఎఱ్ఱగా నున్నది. లోపలివారిలో కొందఱు మొగములు అటు త్రిప్పుకొనిరి. ఆమె వెనుకకు పోబోయెను. అత్తగారు లేచి వెళ్లి, ‘చూస్తే రాదమ్మా, ఇలా కూర్చో’ అని వీథియరుగుమీద చాప వేయించి, అందఱికంటె ముందు ఆమెకు తాంబూలమిచ్చి, పిల్లకంటిలోనికి సూటిగా చూచి నవ్వి, వచ్చి చేతులు కడుగుకొనిరి.